సెయింట్ లూయిస్ బేరం: ఖరీదుకు తగిన సరుకేనా?
ప్రత్యర్థి జట్టులోని యువ ఆటగాడికి వల వేయడానికి ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ జట్లు సాధారణంగా జంకుతాయి గానీ, 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ చేసిన బేరాన్ని దగ్గరగా చూస్తే ఆ జంకు దండగనిపిస్తుంది. ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు లీగ్ విధించే జీతాల పరిమితి గొంతు దాకా వచ్చిన సమయం చూసి, ఆ జట్టు ఆటగాళ్లైన ఫిలిప్ బ్రోబర్గ్‌కు ఏటా సుమారు 45.8 లక్షల డాలర్లు, డిలన్ హాలోవేకు 22.9 లక్షల డాలర్ల చొప్పున రెండేళ్ల ఒప్పందాలు ముందుంచగా, సరిసమానంగా ఇచ్చి నిలుపుకోవడానికి ఉన్న ఏడు రోజుల గడువులో ఎడ్మంటన్ చేతులెత్తేసింది. బ్రోబర్గ్ ధర అప్పట్లో నాకు ఎక్కువే అనిపించింది. హాలోవే మాత్రం, అంతకుముందు సీజన్‌లో ఆరు గోల్స్‌తో సరిపెట్టుకున్నవాడు, 2024-25లో 26 గోల్స్, మొత్తం 63 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాసులు కలిపి) సాధించాడు. ఇందుకు పరిహారంగా ఎడ్మంటన్‌కు పోయినవి రెండో, మూడో రౌండ్ డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) అవకాశాలే. వాటిలో రెండో రౌండ్‌ది సొంతదే అయి ఉండాలన్న నిబంధన కోసం, పిట్స్‌బర్గ్ జట్టుకు ఇచ్చేసిన దాన్ని బ్లూస్ ముందుగానే వెనక్కి తెచ్చుకున్న తీరు నాకు అన్నిటికంటే నచ్చింది.