గమనించే పరిశోధనా, మందిచ్చే పరిశోధనా?

చూపు తగ్గుతున్నవారికి పరిశోధనలో చేరమని పిలుపు వస్తే ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది: జబ్బును ఊరికే గమనిస్తారా, మందు ఇచ్చి చూస్తారా?

మొదటి రకంలో ఖర్చయ్యేది ముఖ్యంగా కాలమే. కంట్లో చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు దగ్గరివి మసకబారతాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. గడ్డం ఆనించి, నడిమి చుక్క మీదే చూపు నిలిపి, పక్కన వెలుగు మినుకుమన్నప్పుడల్లా మీట నొక్కే పరీక్ష మాత్రం నిజంగా విసిగిస్తుంది. చాలా వెలుగులు కనిపించక, తప్పు మనదేమో అని కంగారు పుడుతుంది. మంచి చూపున్నవారికీ కొన్ని అందనంత మసకగానే వాటిని చూపిస్తారు. చికిత్సపరంగా లాభం ఉండదు. కానీ జబ్బు సహజంగా ఎంత వేగంతో ముదురుతుందో తెలియనిదే, మందు పనిచేసిందని చెప్పడం ఎలా?

రెండో రకంలో ఆశతో పాటు షరతులూ ఎక్కువే. అసలు మందు ఎవరికన్నది చాలాసార్లు చీటీలు తీసినట్టే. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం వల్ల చూపు తగ్గే జబ్బుకు 2017లో అమెరికా ఆమోదించిన జన్యుచికిత్స సంగతే చూడండి: చివరిదశ ప్రయోగంలో కొందరికి ఏడాది ఆగాకే అది అందింది. ప్రయోగం నుంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కంట్లోకి ఎక్కించిన జన్యువును మాత్రం వెనక్కి తీయలేరు. పైగా ఆ తర్వాత వచ్చే ప్రయోగాలకు అర్హత పోవచ్చు. సంతకానికి ముందే ఇది అడగాలి.

జబ్బు నెమ్మదిగా సాగుతుంటే నేనైతే మొదటిదానికే మొగ్గుతాను. డబ్బు కట్టి చేరమనే ‘ప్రయోగం’ వైపు మాత్రం తొంగి కూడా చూడను.