వాతావరణ మార్పు పాఠం: తుపానుతో మొదలుపెట్టాలా, గ్రాఫుతోనా?

ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి జాగ్రఫీ టీచర్లు రెండు వర్గాలవుతారు. వడగాలో వరదో ఏదో ఒక ఘటన పట్టుకుని పాఠంలోకి దిగాలని ఒక వర్గం అంటే, కాదు, ముందు 30 ఏళ్ల సగటులు, కార్బన్ డయాక్సైడ్ గ్రాఫు చూపించాలి, ఘటనలు తర్వాత అని రెండో వర్గం. నా ఓటు ఘటనకే, కాకపోతే ఒక షరతు ఉంది.

గ్రాఫు పక్షం బలం తక్కువేం కాదు. 1958లో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు కార్బన్ డయాక్సైడ్ 315 దగ్గర ఉండేది, ఇప్పుడు 420 దాటేసింది. నాకు ఆ గీతలో నచ్చేది అది పైకి ఎక్కడం కన్నా ఏటా రంపపు పళ్లలా లేచి పడుతూ ఉండడం. ఉత్తరార్ధగోళంలో నేల ఎక్కువ, మొక్కలూ ఎక్కువ, అవి ఎదిగే కాలంలో కార్బన్ లాగేసుకుంటాయి, చలికాలంలో ఆకులు కుళ్లి అది మళ్లీ గాలిలో కలుస్తుంది. ఖండాల అమరిక, ఋతువులు, కార్బన్ చక్రం, మూడూ ఒకే బొమ్మలో దొరికితే ఏ టీచర్ వదులుకుంటారు చెప్పండి.

పైగా ఒక్క రోజు చలి చూసి "వేడెక్కడం ఎక్కడ?" అనేవాళ్లకు జవాబు కూడా డేటాలోనే ఉంది. 2015 ఫిబ్రవరిలో అమెరికా సెనేటర్ జేమ్స్ ఇన్హోఫ్ ఏకంగా సభలోకే మంచు ముద్ద పట్టుకొచ్చారు, తీరా ఆ ఏడాది ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అప్పటి వరకు ఉన్న రికార్డులన్నీ దాటేసింది. క్లాసులో ఈ ముచ్చట బాగా పేలుతుంది.

కానీ గ్రాఫుతో మొదలుపెడితే పది నిమిషాల్లో ఒక ప్రశ్న వస్తుంది: "భూమి సగటున వేడెక్కింది డిగ్రీ పైచిలుకేనా సార్? పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉంటుంది కదా?" న్యాయమైన ప్రశ్నే. సగటు కొంచెం జరిగినా చివర్లో ఉండే అరుదైన రోజుల లెక్క బాగా మారిపోతుందని అప్పుడు చెప్పాలి. పారిశ్రామిక యుగానికి ముందు సగటున పదేళ్లకోసారి వచ్చే స్థాయి వేడి ఇప్పుడు దాదాపు 2.8 రెట్లు ఎక్కువసార్లు వస్తోందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. సరే, ఆ అరుదైన రోజు ఎలా ఉంటుందో చూపించాలంటే ఏదో ఒక ఘటన దగ్గరికి వెళ్లక తప్పదు, అదేదో ముందే వెళ్తే పోలా?

ఇక ఘటన దారి. నేనైతే కెనడాలోని లిట్టన్ తీసుకుంటాను. ఆ దేశంలో అత్యధిక ఉష్ణోగ్రత రికార్డు 1937 నుంచి 45 డిగ్రీలుగా ఉండేది. 2021 జూన్ 29న లిట్టన్‌లో 49.6 నమోదైంది. మామూలుగా ఇలాంటి రికార్డు ఏ అర డిగ్రీతోనో బద్దలవుతుంది, ఇక్కడ నాలుగున్నర డిగ్రీలకు పైగా ఎగిరింది! మర్నాడే మంటలొచ్చి ఊరు చాలా వరకు కాలిపోయింది. అట్లాస్‌లో వెతికితే ఆ ఊరు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది, అంత ఉత్తరాన ఇంత వేడేమిటి అని పిల్లలే అడుగుతారు. అక్కడి నుంచి అధిక పీడనం, కిందికి దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కడం, ఎండిపోయిన నేల, భౌతిక భూగోళం అంతా దానంతటదే వచ్చేస్తుంది. ఏ ఘటనలో వాతావరణ మార్పు పాత్ర ఎంతో లెక్కగట్టే వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం శాస్త్రవేత్తలు, మనుషుల వల్ల భూమి వేడెక్కకపోయి ఉంటే ఇది దాదాపు అసాధ్యమని తేల్చారు.

ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. ఒక్క లిట్టన్‌తో ఆపేస్తే పిల్లలు ప్రతి తుపానుకీ ప్రతి కరువుకీ వాతావరణ మార్పే కారణమని రాసేస్తారు, చాలా జవాబు పత్రాల్లో కనిపించేది అదే. అందుకే నా షరతు: ఎదురు సాక్ష్యం చెప్పే రెండో ఘటన పక్కనే ఉండాలి. దక్షిణ మడగాస్కర్ కరువు దానికి సరిగ్గా సరిపోతుంది. వాతావరణ మార్పు తెచ్చిన కరువని దాని గురించి ప్రపంచమంతా చెప్పుకుంది. అదే శాస్త్రవేత్తల బృందం 2021లో లెక్క కట్టి, వానలు తగ్గడం చాలా వరకు సహజమైన ఒడుదొడుకుల్లో భాగమేనని, ఆకలికి పేదరికం, వాన మీదే ఆధారపడిన సాగు లాంటివి పెద్ద కారణాలని చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "తేడా ఎలా తెలిసింది?" అని అడగండి, అప్పుడు గ్రాఫులు పిల్లలే అడిగి తీసుకుంటారు.

నష్టం సంగతి మరో పీరియడ్‌కి ఉంచుకోవచ్చు. 1970లో బంగాళాఖాతంలో వచ్చిన భోలా తుపానులో కనీసం మూడు లక్షల మంది పోయారు, 2020లో అదే బంగాళాఖాతంలో వచ్చిన ఆంఫన్ కూడా చాలా తీవ్రమైనదే, అయినా మృతుల సంఖ్య వందల్లోనే ఆగింది, ఎందుకంటే ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు ఉన్నాయి, బంగ్లాదేశ్‌లోనే 20 లక్షల మందికి పైగా తరలించారు. వాతావరణం వేడెక్కుతున్నా చావులు తగ్గించొచ్చని చూపించే ఉదాహరణ ఇది, భయంతో బిగుసుకుపోయిన క్లాసుకు కొంచెం ఊపిరి కూడా.

పిల్లలను దేశాల ప్రతినిధులుగా కూర్చోబెట్టి ఉత్తుత్తి సదస్సు నడపడం అనే మూడో పద్ధతీ ఉంది. సరదాగానే ఉంటుంది, కానీ విషయం తెలియకముందే పెడితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తారు. చివర్లో అయితే ఓకే.

డిగ్రీ స్థాయిలో, స్టాటిస్టిక్స్ కాస్త వచ్చిన వాళ్లతో మాత్రం గ్రాఫుతో మొదలుపెట్టినా నష్టం లేదు, 1961–1990 సగటునీ 1991–2020 సగటునీ వాళ్ల చేతే పోల్పించండి. హైస్కూల్లో ఒకే పీరియడ్ దొరికిందా, కీలింగ్ గ్రాఫు హోంవర్క్‌కి ఇచ్చేయండి, లిట్టన్, మడగాస్కర్ రెండూ క్లాసులోనే చెప్పండి.