నల్లగొండలో కొన్న గ్రూప్-2 పాలిటీ మెటీరియల్: శాసనసభ కమిటీల అధ్యాయంపై నా అభిప్రాయం

మా అమ్మాయి గ్రూప్-2కు చదువుతున్నందున, ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్ తయారు చేసిన పాలిటీ మెటీరియల్‌ను గడియారం సెంటర్ దగ్గరి జిరాక్స్ షాపులో 240 రూపాయలకు కొన్నాను. ఇరిగేషన్ డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యే నాటికి ఆడిట్ పేరాలకు, అంటే లెక్కల తనిఖీలో రాసిన అభ్యంతరాలకు, జవాబులు రాయడంలోనే నా సర్వీసు సగం గడిచిపోయింది కాబట్టి, మిగతాదంతా పక్కన పెట్టి ముందుగా శాసనసభ ఆర్థిక కమిటీల అధ్యాయాన్నే చదివాను.

మొదటి మూడు పేజీలు బాగున్నాయి. ప్రభుత్వ ఖర్చుల లెక్కలను పరిశీలించే ప్రజా పద్దుల కమిటీ పేరు రాజ్యాంగంలో ఎక్కడా లేదని, 208వ అధికరణం కింద సభ చేసుకున్న నియమాల నుంచే అది ఏర్పడుతుందని, 151(2) ప్రకారం కాగ్ (ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే రాజ్యాంగ అధికారి) నివేదిక గవర్నర్‌కు అంది ఆ తర్వాత సభ ముందుకు వస్తుందని తప్పుల్లేకుండా రాశారు. ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం లోక్‌సభలో 1967 నుంచి వస్తున్న సంప్రదాయమే తప్ప రాజ్యాంగ నిబంధన కాదన్న వివరణ కూడా సరైనదే. అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ విషయానికి వస్తే నిర్వచనాలతో సరిపెట్టారు. మనకు కరెంటు బిల్లు ఇచ్చే దక్షిణ డిస్కం లెక్కలు రెండో దాని పరిధిలోకి వస్తాయని ఒక్క వాక్యం రాసినా, 2024లో ఆ రెండు కమిటీలకు వరుసగా కోదాడ శాసనసభ్యురాలు పద్మావతి రెడ్డి, షాద్‌నగర్ శాసనసభ్యుడు శంకరయ్య అధ్యక్షులయ్యారని చెప్పినా మన జిల్లాల పిల్లలకు పాఠం ఇట్టే గుర్తుండిపోయేది.

అసలు లోపం పట్టికలో ఉంది. తెలంగాణ ప్రజా పద్దుల కమిటీ అని శీర్షిక పెట్టి, కింద 22 మంది సభ్యులు, అందులో 15, 7 అని వేశారు. అవి పార్లమెంటు కమిటీలో లోక్‌సభ, రాజ్యసభ సభ్యుల సంఖ్యలు. అసలు ప్రతిలో 'రాజ్యసభ' అన్న మాటను పెన్నుతో కొట్టేసి పైన 'మండలి' అని రాసిన గీత జిరాక్స్‌లో కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మాట మార్చిన చెయ్యి అంకెను మార్చడం మరిచిపోయింది.

అంతకంటే నన్ను నిరాశపరిచింది సిబ్బంది గురించి ఒక్క ముక్కైనా లేకపోవడం. శాసనసభకు ప్రభుత్వంతో సంబంధం లేని ప్రత్యేక సిబ్బంది ఉండాలని చెప్పే 187వ అధికరణాన్ని ఈ అధ్యాయంలో ప్రస్తావించనే లేదు. సభ్యులు మారుతుంటారు, ఏ పేరా ఎప్పుడు చర్చకు వచ్చింది, ఏ శాఖ ఇంకా జవాబు ఇవ్వలేదు అన్న లెక్క మాత్రం శాసనసభ సచివాలయంలోని కమిటీ విభాగం దగ్గరే ఉంటుంది. సమావేశపు నోటీసు, ఎజెండా పంపేదీ, శాఖల నుంచి వివరణలు తెప్పించేదీ, సభ్యులు చెప్పినదాన్ని నివేదిక ముసాయిదాగా మలిచేదీ ఆ విభాగమే. రాష్ట్రంలో కాగ్ తరఫున పనిచేసే అకౌంటెంట్ జనరల్ కమిటీ సభ్యుడు కాకపోయినా, ఏ పేరాలో ఏం అడగాలో సభ్యులకు విప్పి చెప్పేది ఆయన కార్యాలయమే. ఎదుటి వరుసలో సాక్షిగా శాఖ కార్యదర్శి, ఆయన వెనుక ఫైళ్లు పట్టుకుని ఇంజినీర్లు కూర్చుంటారు.

ఆ ఫైళ్లు మా వంటి డివిజన్ ఆఫీసుల నుంచి వెళ్లినవే. ఒకసారి పన్నెండేళ్ల నాటి పనిపై వివరణ కోరితే, రికార్డు రూములో చెదలు పట్టిన కట్టల మధ్య ఒక ఎంబీ (పని కొలతలు రాసే పుస్తకం) కోసం ఇద్దరం నాలుగు రోజులు వెతికాం. దొరికేసరికి ఆ కొలతలు వేసిన అసిస్టెంట్ ఇంజినీరు రిటైరై రెండేళ్లయింది. కమిటీ చేసేవి సిఫార్సులే గానీ ఉత్తర్వులు కావని మెటీరియల్‌లో ఒక బిట్‌గా ఇచ్చారు, అది నిజమే. అయితే ఆ సిఫార్సుపై ఏం చర్య తీసుకున్నారో శాఖ మళ్లీ కమిటీకి రాసి ఇవ్వాలన్న సంగతి వదిలేయడంతో, చదివినవారికి అది ఉత్త సలహా అనిపిస్తుంది.

అధికరణాల వరకు ఈ మెటీరియల్‌ను నమ్మవచ్చు. సంఖ్యలను మాత్రం శాసనసభ నియమావళితో సరిచూసుకున్నాకే బట్టీ పట్టాలి. కొనేముందు చివరి పేజీలు తిరగేసి చూడండి. మా ప్రతిలో ఎనిమిది పేజీలు చదవడానికి వీల్లేనంత మసకగా ఉన్నాయి, షాపువారు మార్చి ఇవ్వలేదు.