రెండున్నర లక్షలు తిరిగిన ఇన్నోవా: ఎవరికి అమ్మితే మేలు?

పాత ఇన్నోవా అమ్మకానికి పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న కిలోమీటర్లు ఎన్ని అని. రెండోది ఎన్నో ఓనరు అని. ధరను నిజంగా తేల్చే ప్రశ్న మూడోది: ఆర్సీ ఎప్పటిదాకా ఉంది? ఇది కొనేవాడు అడిగేదాకా అమ్మేవాళ్లు చాలామంది చూసుకోరు. 2005 నుంచి 2016 దాకా వచ్చిన 2.5 డీజిల్ ఇన్నోవాకు రెండున్నర లక్షల కిలోమీటర్లు పెద్ద లెక్కేం కాదు, కొనేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఆర్సీ గడువైన పదిహేనేళ్లు నిండటానికి మూడు నెలలే ఉందంటే మాత్రం బేరం అక్కడే కూలబడుతుంది.

హైదరాబాద్‌లో దారులు ఐదు. నేరుగా వాడుకునేవాళ్లకు అమ్మడం, పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీకి ఇవ్వడం, ఇంటికొచ్చి చూసి కొనే ఆన్‌లైన్ కంపెనీకి ఇవ్వడం, కొత్త బండి కొంటూ షోరూంలో ఎక్స్చేంజ్ పెట్టడం, తుక్కుకు వేయడం. అందరూ వీటిని ధరతోనే పోలుస్తారు. కానీ ఎవరికి ఇస్తే మీ పేరు ఆర్సీలోంచి ఎంత త్వరగా పోతుందనేది అంతకన్నా పెద్ద ప్రశ్న.

లెక్క కోసం ఒక బండి అనుకుందాం. వాడుకునేవాడు 4 లక్షలు పెట్టే ఇన్నోవాకు కన్సల్టెన్సీ 3.40 చెబుతుంది. ఆన్‌లైన్ కంపెనీ ఫోన్లో 3.70 అని, బండి చూశాక 3.30కి దిగుతుంది. షోరూం 3.20కి ఎక్స్చేంజ్ బోనస్ 30 వేలు కలుపుతుంది. ఈ అంకెలు బండిని బట్టి మారతాయి, వరస మాత్రం పెద్దగా మారదు.

కన్సల్టెన్సీ 60 వేలు తక్కువ ఇస్తోందంటే అదంతా మోసం అనుకోనక్కర్లేదు. టైర్లు, సీటు కవర్లు, పాలిష్, యార్డు అద్దె అతనివే. బండి పోయేదాకా డబ్బు ఇరుక్కుని ఉండేదీ అతనిదే. దానికి తోడు, జీఎస్టీ కింద నమోదైన డీలరు పాత బండి మీద తనకు మిగిలే మార్జిన్‌పై 18 శాతం కట్టాలి. 50 వేల మార్జిన్ మీద 9 వేలు పన్నుకే పోతాయి. సొంత కారు అమ్ముకునే మామూలు మనిషికి ఆ పన్ను లేదు. నేరుగా అమ్మితే ఎక్కువ రావడానికి ఇదీ ఒక కారణం.

నేరుగా అమ్మడం

పాత ఇన్నోవా కోసం వచ్చేవాళ్లు ఎక్కువగా మూడు రకాలు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిపి ఏడెనిమిది మంది ఉన్న కుటుంబం, సామాను మోసుకునే కేటరింగ్ లేదా టెంట్ హౌస్ మనిషి, జిల్లాల్లో తిరుపతికీ శ్రీశైలానికీ తెల్ల బోర్డు మీదే కిరాయికి తిప్పేవాడు. మూడోవాడితో జాగ్రత్త. సొంత వాడకానికి ఉన్న బండిని కిరాయికి తిప్పితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిం తిప్పికొట్టవచ్చు. ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉంటే నోటీసు మీ గుమ్మానికే వస్తుంది.

ఎవరొచ్చినా పక్కన ఒక మెకానిక్ ఉంటాడు. అతను బానెట్ ఎత్తగానే ముందు చేత్తో ఇంజిన్ ముట్టుకుంటాడు. వేడిగా ఉంటే మీరు ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, అనుమానం అక్కడే మొదలవుతుంది. చల్లగా ఉన్న ఇంజిన్ని అతని ముందే స్టార్ట్ చేయండి. తర్వాత ఐడిల్‌లో ఆయిల్ మూత తిప్పి తీసి, దాన్ని అక్కడే బోర్లా పెట్టి చూస్తాడు. మూత కొద్దిగా అదిరితే పర్లేదు. ఎగిరి పడినా, పొగ గుప్పుమని పైకి వచ్చినా ‘బ్యాక్ కంప్రెషన్ ఉందన్నా’ అంటాడు, అంటే మండిన గ్యాసు ఆయిల్ వైపుకు కొడుతోందని, 50 వేలకు పైగా బేరం దిగుతుంది. అయితే దానికి కారణం ప్రతిసారీ అరిగిన పిస్టన్ రింగులే కాదు. ఈ ఇంజిన్లో ఇంజెక్టర్ల కింద ఉండే రాగి వాషర్లు వదులైతే మండిన గ్యాసు టాపెట్ కవర్ లోపలికి చేరుతుంది. మసి ఆయిల్లో కలిసి, అడుగున ఆయిల్‌ను వడకట్టే స్ట్రెయినర్‌ను మూసేస్తుంది. అమ్మే ముందు నమ్మకమైన మెకానిక్ చేత ఈ వాషర్లు చూపించుకోండి. వాషర్ల ఖర్చు ఎక్కడ, ఇంజిన్ పని పేరుతో తగ్గించే ధర ఎక్కడ?

రెండోది టైమింగ్ బెల్ట్. లక్ష, లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చాల్సిన భాగం. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. రెండున్నర లక్షల బండికి అది కనీసం ఒకసారి మారి ఉండాలి. బిల్లు ఉంటే చూపించండి. బిల్లు లేకపోతే కొనేవాడు మారలేదనే అనుకుంటాడు, మీ మాట వినడు. తర్వాత ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు. మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లకు అవి మిగలవు కదా. వెనక ఏసీ చల్లగా ఉందో లేదో మెకానిక్ కాదు, కుటుంబంతో వచ్చిన అమ్మగారు చూస్తారు.

అమ్మే ముందు ఖర్చు పెట్టాల్సినవి కొన్నే: ఆయిల్, ఫిల్టర్ల మార్పు, బలహీనంగా ఉన్న బ్యాటరీ, వెలగని లైట్లు, లోపలి శుభ్రం. శబ్దం చేసే బుష్‌లు ఉంటే రాణిగంజ్‌లో విడిభాగాలు తెచ్చుకుని తెలిసిన గ్యారేజీలో వేయించుకోవచ్చు. ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించకండి, పెట్టింది తిరిగి రాదు. మొత్తం పెయింటింగ్ అయితే అసలు వద్దు. పాత బండి తళతళలాడితే యాక్సిడెంట్ దాస్తున్నారనే అనుకుంటారు. బంపరు మీది గీతలు గీతల్లాగే ఉండనివ్వండి. మీటరు తిప్పించడం నేరమే కాదు, తెలివితక్కువ పని కూడా. ఛాసిస్ నంబరు కొడితే సర్వీస్ సెంటర్లో పాత రీడింగులు బయటపడతాయి. అరిగి నున్నబడిన పెడల్ రబ్బరూ, మెరిసిపోయే స్టీరింగూ ఎలాగూ నిజం చెప్పేస్తాయి.

మీది ఇన్నోవా కాకపోతే ఒక మాట. ఓమ్ని, ఈకో లాంటి వాటిలో గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్సీలో ఎక్కి ఉందో లేదో ముందు చూసుకోండి. ఎక్కకపోతే పేరు మార్పిడి దగ్గర ఆగిపోతుంది. తవేరా వాళ్లకు చెప్పేదొకటే: 2017లో షెవర్లే ఇండియాలో అమ్మకాలు ఆపేసింది కాబట్టి దానికి ఆన్‌లైన్ కంపెనీల దగ్గర రేటు ఆశించకండి. దాన్ని బాగుచేయడం తెలిసిన మెకానిక్ ఉన్న ఊళ్లో అమ్ముకోవడమే నయం.

కాలం కూడా చూసుకోవాలి. ఆషాఢంలో బండ్లు కదలవు. శనివారం చూడటానికి వస్తారు గానీ ‘ఇనుము కదా’ అని బయానా ఇవ్వరు. దసరాకు నెల ముందు, సంక్రాంతికి నెల ముందు అడిగేవాళ్లు ఎక్కువ.

కాగితాల దగ్గరే అసలు తేడా

నేరుగా అమ్మితే వచ్చే ఆ అదనపు 60 వేలు నిలబడేదీ, పోయేదీ ఇక్కడే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని, నోటరీ చేయించి, పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయడం మన దగ్గర ఆనవాయితీ. ఆ కాగితంతో బాధ్యత తీరదు. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే వారే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో తేల్చింది. ఆ కేసులో బండి మొదటి ఓనరు దగ్గర్నుంచి వరసగా చేతులు మారింది, పేరు మాత్రం మారలేదు.

చట్టం ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో మీరు ఫారం 29తో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో ఫారం 30తో పేరు మార్చుకోవాలి. దానికన్నా సులువు, స్లాట్ బుక్ చేసుకుని ఇద్దరూ కలిసే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లడం. బయానా తీసుకునేటప్పుడే ఈ మాట తేల్చుకోండి. ‘నేను చూసుకుంటా సార్, మీరు రానక్కర్లేదు’ అనేవాడికి బండి ఇవ్వకపోవడమే మంచిది.

కర్నూలు, గుంటూరు నుంచి వచ్చిన మనిషి కొంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీయాలి, అక్కడ అతను మళ్లీ పన్ను కట్టుకోవాలి. ఆ పన్ను అతని జేబులోంచి పోయేదే కాబట్టి మీ ధరలోంచి కోసుకుంటాడు. అందుకే ధర ఒకేలా ఉన్నప్పుడు తెలంగాణ మనిషికే మొగ్గండి.

చాలా ఇన్నోవాల్లో దొరికే చిక్కు ఇంకొకటుంది. లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు (హైపోతికేషన్) అలాగే ఉంటుంది. అది పోవాలంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. పాత ఎన్‌ఓసీ గడువు దాటి ఉంటే కొత్తది అడగాలి. లోను తీసుకున్న బ్రాంచి మూతపడితే అది మరో తలనొప్పి. ప్రకటన పెట్టకముందే ఈ పని ముగించుకోండి. పెండింగు చలాన్లు కూడా కట్టేసి రసీదు ఉంచుకోండి.

డబ్బు విషయంలో ఆదాయపు పన్ను నిబంధన గుర్తుంచుకోండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఆర్టీజీఎస్ చేయమనండి, అది సెలవు రోజుల్లోనూ నడుస్తుంది. మీ ఖాతాలో పడ్డట్టు బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే తాళాలు ఇవ్వండి, అతని ఫోన్లోని స్క్రీన్‌షాట్ చూసి కాదు. డెలివరీ నోటులో తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

కన్సల్టెన్సీ, ఆన్‌లైన్ కంపెనీ

కాగితాల పని మీవల్ల కాదనుకుంటే ఇవే దారి, కానీ ఒక షరతు మీద. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. బండి తన చేతికి రాగానే మీరూ, అతనూ కలిసి ఫారం 29సి దాఖలు చేస్తే, ఆ తర్వాత బండికి అతనే ఓనరు కింద లెక్క. మీ 60 వేలకు వచ్చే నిజమైన ప్రతిఫలం ఇదే. ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. అది లేకుండా ‘కస్టమర్ దొరికాక డైరెక్టుగా ఆయన పేరుకే మారుస్తాం’ అంటే, ఆ మధ్యలో ఉన్నన్నాళ్లూ స్పీడు చలాన్ మెసేజీలు మీ ఫోనుకే వస్తాయి. 60 వేలు తక్కువకు ఇచ్చి, బాధ్యత కూడా మోసినట్టే.

ఆన్‌లైన్ కంపెనీల దగ్గర డబ్బు త్వరగా వస్తుంది. ఫోన్లో చెప్పిన ధర మాత్రం ఇంటికొచ్చి చూసినప్పుడు తగ్గుతుంది. డోర్ రబ్బరు పక్కన రంగు మందం కొలిచి, ప్రతి గీతకూ ఇంత అని కోస్తారు. అడగాల్సినవి మూడు: చేతికి వచ్చేది ఎంత, సర్వీసు ఫీజు అందులో పోయిందా, పేరు మారేదాకా ఎంత ఆపుకుంటారు? ఎక్కువ తిరిగిన డీజిల్ బండి కన్నా తక్కువ తిరిగిన చిన్న పెట్రోలు కారుకే వీళ్ల దగ్గర గౌరవం ఎక్కువ. ఇన్నోవాను బాగా ఎరిగిన కన్సల్టెన్సీవాడు వీళ్లకన్నా ఎక్కువిచ్చే అవకాశం ఉంది, ఇద్దర్నీ అడగండి.

షోరూం ఎక్స్చేంజ్ సంగతి చిన్నది. కొత్త బండికి రెండు కొటేషన్లు రాయించుకోండి, ఒకటి పాత బండి ఇస్తే, ఇంకొకటి ఇవ్వకపోతే. రెండోదాంట్లో డిస్కౌంటు పెరిగితే ఆ బోనస్ మీ డబ్బే మీకు ఇస్తున్నారని తెలిసిపోతుంది.

పదిహేనేళ్లు నిండితే

‘పదిహేనేళ్లు అయ్యాయి కదా, ఇక తుక్కే’ అని బేరమాడేవాళ్లుంటారు. ఢిల్లీలోని ఆంక్షలు వేరు. తెలంగాణలో సొంత వాడకపు బండికి అలాంటి నిషేధం లేదు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసి, ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. ఫీజు మాత్రం 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000. తీసుకెళ్లే ముందు ఫ్రేమ్ మీది ఛాసిస్ నంబరు దగ్గర మట్టి తుడవండి. అది చదవలేకపోతే బండిని వెనక్కి పంపిస్తారు. గడువు మూడు నాలుగు నెలల్లో ఉన్న నడిచే ఇన్నోవాను, ముందు రెన్యువల్ చేయించి అమ్మడమే లాభం. ఐదేళ్లు చేతిలో ఉన్న బండికీ, మూడు నెలలున్న బండికీ ధర ఒకటి కాదు.

ఇంజిన్ పోయి, ఫ్రేమ్ తుప్పు పట్టి, రెన్యువల్‌కు పాసయ్యే ఆశ లేని బండికే తుక్కు దారి. అది కూడా ఆటోనగర్‌లో తూకానికి కాకుండా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇవ్వండి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌తో కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, పన్నులో రాయితీ ఉంటాయి. తూకానికి ఇస్తే నాలుగు డబ్బులు ఎక్కువే రావచ్చు, కానీ మీ ఆర్సీ రద్దు కాదు. మీ నంబరు ప్లేటు ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

మొత్తానికి, ఆర్సీలో రెండేళ్లకు పైగా ఉండి, హైపోతికేషన్ లేకుండా, బిల్లులు దగ్గరుంటే నేరుగా అమ్మండి, నెల రోజులు ఓపిక పట్టండి. ఊరు మారుతున్నా, కాగితాలు చిక్కుగా ఉన్నా 29సి ఇచ్చే కన్సల్టెన్సీకి ఇచ్చేయండి. ఏ దారైనా బండి అమ్మాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిం బోనస్ లెటరు తీసుకోండి. ఆ బోనస్ మీది, బండిది కాదు. మూడేళ్లలోపు కొనే కొత్త బండి ప్రీమియంలో పనికొస్తుంది. అద్దం మీది ఫాస్టాగ్ గీకేసి, బ్యాంకుకు చెప్పి బండి ఇచ్చే రోజే మూయించండి. స్టిక్కర్ అలాగే ఉంటే, కొన్నాయన ఓఆర్ఆర్ ఎక్కి దిగినప్పుడల్లా టోలు మీ ఖాతాలోంచే పోతుంది.