క్లబ్బు ప్రసంగానికి రాస్‌బెర్రీ పై 4: రిచీ స్ట్రీట్‌లో కొనేముందు, ప్రొజెక్టరుకి తగిలించేముందు

సింగిల్ బోర్డ్ కంప్యూటర్ల గురించి, అంటే ఒకే సర్క్యూట్ బోర్డు మీద మొత్తం ఇమిడిపోయే కంప్యూటర్ల గురించి, క్లబ్బులో ఓ గంట మాట్లాడాలి, నలుగురికీ చూపించడానికి చేతిలో ఒక బోర్డు ఉండాలి. ఏది కొనాలి? చెన్నైలో దొరికే వాటిలో మా ఓటు రాస్‌బెర్రీ పై 4 మోడల్ బీ, 2 జీబీ రకానికి. 2023లో వచ్చిన పై 5 దీనికన్నా రెండు మూడు రెట్లు వేగమైనదే, కాదనం. కానీ పరిచయ ప్రసంగం మధ్యలో ఆగిపోయేది ప్రాసెసర్ చాలక కాదు. ప్రొజెక్టరు వైరు కుదరకో, చార్జర్ చాలకో, హాల్లో వైఫై పట్టకో ఆగుతుంది. అందుకే బెంచ్‌మార్కుల జోలికి పోకుండా, వైర్లూ అడాప్టర్ల లెక్కన మాత్రమే ఈ బోర్డుని తూచాం.

ముందు కరెంటు సంగతి. పై 4కి యూఎస్‌బీ టైప్-సీ ద్వారా 5 వోల్టులు, 3 ఆంపియర్లు అందాలి. కంపెనీ అడాప్టర్ మీద మాత్రం 5.1 వోల్టులని ఉంటుంది. వైరులో కొంత వోల్టేజీ పోతుంది కాబట్టి ఆ 0.1 ముందే కలిపి ఇస్తారు. బోర్డు దగ్గర వోల్టేజీ సుమారు 4.63కి పడిపోతే పై తనంతట తానే వేగం తగ్గించుకుని, తెర మీద హెచ్చరిక చూపిస్తుంది. ఫోన్ చార్జరుకి రెండు మీటర్ల సన్న వైరు తగిలించి "బోర్డు నెమ్మదిగా ఉందండీ" అనేవాళ్ల సమస్య ఎక్కువగా ఇదే. టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీ (vcgencmd get_throttled) అనే కమాండుతో థ్రాటిల్ స్థితి, అంటే వేగం తగ్గించుకుందా లేదా అన్నది, అడిగితే ఒక సంఖ్య వస్తుంది. 0ఎక్స్0 అయితే అంతా బాగున్నట్టు. 0ఎక్స్50000 అయితే ఇప్పుడు బాగానే ఉన్నా, ఆన్ చేసినప్పటినుంచీ ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడి వేగం తగ్గినట్టు. చివర కూడా 5 కనిపిస్తే ఈ క్షణంలోనే పడుతోందని. ప్రసంగానికి ముందురోజు, మర్నాడు వాడబోయే అడాప్టర్, వైరు, కీబోర్డు, మౌస్‌తోనే అరగంట నడిపి ఈ సంఖ్య చూసుకోవాలి. విడివిడిగా పరీక్షిస్తే లాభం లేదు.

సెకండ్‌హ్యాండ్ పై 4 కొనేవాళ్లు ఇంకొకటి గమనించాలి. 2019లో వచ్చిన మొదటి బోర్డుల్లో టైప్-సీ సాకెట్ డిజైన్‌లో లోపం ఉంది. లోపల చిప్ ఉండే ఖరీదైన కేబుళ్లు, అంటే పెద్ద ల్యాప్‌టాప్ చార్జర్లతో వచ్చేవి, ఆ బోర్డుని హెడ్‌ఫోన్ అడాప్టర్ అనుకుని అసలు కరెంటే ఇవ్వవు. ఎర్ర లైటు కూడా వెలగదు. బోర్డు పోయిందని పక్కన పడేసేముందు మామూలు చవక కేబుల్‌తో ఒకసారి చూడండి.

పై 5 మనకి కుదరనిది కూడా ఈ కరెంటు దగ్గరే. దానికి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి. మన ఇళ్లలో ఉండే 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్లు కూడా 5 వోల్టుల దగ్గర సాధారణంగా 3 ఆంపియర్లకు మించి ఇవ్వవు, వాటి బలమంతా 9, 15, 20 వోల్టుల దగ్గర. 3 ఆంపియర్లతో పై 5 నడుస్తుంది కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకే కట్టేస్తుంది. ఏదైనా హార్డ్ డిస్కో కెమెరానో తగిలిస్తే మొరాయిస్తుంది. దాని 27 వాట్ల అడాప్టర్ ఇంట్లో మర్చిపోయి వస్తే హాల్లో ఎవరి సంచీలోనూ బదులు దొరకదు. పైగా అందులో 3.5 మిల్లీమీటర్ల ఆడియో సాకెట్ తీసేశారు. ఎల్‌ఈడీలు, సెన్సార్లు తగిలించే జీపీఐఓ పిన్నుల్ని ఆర్‌పీ1 అనే వేరే చిప్‌కి అప్పగించారు కాబట్టి ఆర్‌పీఐ జీపీఐఓ అనే పాత పైథాన్ లైబ్రరీ దాని మీద పనిచెయ్యదు. ప్రసంగం విన్న కుర్రాళ్లు ఇంటికెళ్లి వెతికితే దొరికే పాత పాఠాల్లో చాలామటుకు ఆ లైబ్రరీతో రాసినవే.

అలాగని పై 4లో లోపాలు లేవని కాదు. అన్నిటికన్నా పెద్దది మైక్రో హెచ్‌డీఎంఐ. ఆ సాకెట్ చిన్నది, బలహీనం. బరువైన కేబుల్ వేలాడితే వదులవుతుంది. పొట్టి అడాప్టర్ ముక్క కాకుండా, ఒక చివర మైక్రో, రెండో చివర మామూలు హెచ్‌డీఎంఐ ఉన్న వైరునే కొనండి. దాన్ని బల్లకి టేపుతో అంటించండి. రెండు సాకెట్లలో టైప్-సీకి దగ్గరగా ఉన్నది మొదటిది, ప్రొజెక్టరు దానికే. ప్రొజెక్టరు ఆన్ చేశాకే బోర్డుకి కరెంటు ఇవ్వాలి, లేకపోతే తెర లేదనుకుని బొమ్మ పంపకపోవచ్చు. పాత కాలేజీ సెమినార్ హాళ్లలో ఇంకా వీజీఏ ప్రొజెక్టర్లే ఉంటాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే డబ్బీల్లో విడిగా యూఎస్‌బీ కరెంటు వైరు ఉన్నదాన్నే తీసుకోండి. హెచ్‌డీఎంఐ సాకెట్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు మీద ఆధారపడేవి తెరని మినుకుమినుకుమనిపిస్తాయి.

పవర్ బటన్ లేకపోవడం ఇంకో లోపం. ప్రసంగం అయ్యాక ఎవరో ఒకరు ఉత్సాహంగా ప్లగ్ పీకేస్తారు, ఎస్‌డీ కార్డు పాడవుతుంది. దీనికి ఉపాయం రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాములోనే ఉంది. పర్ఫార్మెన్స్ విభాగంలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, మార్పులన్నీ మెమరీలోనే ఉండి ఆఫ్ అవగానే పోతాయి. ప్రదర్శన పెట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి సదుపాయం లేదు. కాకపోతే ఆన్ చేసేముందే ప్రోగ్రాములన్నీ సిద్ధం చేసుకోవాలి.

జీరో 2 డబ్ల్యూ సంగతేమిటని అడుగుతారు. 2021లో 15 డాలర్లకి వచ్చింది, 512 ఎంబీ మెమరీ. చూడముచ్చటగా ఉంటుంది కానీ దాని హెచ్‌డీఎంఐ సాకెట్ మినీ రకం, పై 4 వైరు పట్టదు. కీబోర్డుకి ఓటీజీ అడాప్టర్ కావాలి. మామూలు రకంలో పిన్నులు అతికించి ఉండవు, మనమే సోల్డర్ చేసుకోవాలి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టిన ఫోన్ హాట్‌స్పాట్ దానికి కనిపించదు. ప్రేక్షకుల్లో చేతులు మార్చుకుంటూ చూడటానికి ఒకటి కొనండి, ప్రదర్శన మాత్రం దాని మీద పెట్టుకోకండి. కీబోర్డులోనే కంప్యూటర్ ఉండే పై 400 కూడా అంతే: వాడుకోవడానికి మంచిది, అసలు చూపించాల్సిన బోర్డు లోపల దాక్కుంటుంది.

ఇక కొనడం. మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ షాపుల రిచీ స్ట్రీట్, దాన్ని ఆనుకుని నరసింగపురం వీధి. మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం సాయంత్రం కాలు పెట్టడానికి చోటుండదు. పనిరోజు మధ్యాహ్నం వెళితే కౌంటర్ దగ్గర నిలబడి అడిగేందుకు వీలు దొరుకుతుంది. తమిళం అంతంతమాత్రమైనా ఇబ్బంది లేదు, కావలసిన వస్తువు పేరు, విలువ, ఎన్ని కావాలో కాగితం మీద రాసి చూపిస్తే చాలు. రెసిస్టర్లు, ఎల్‌ఈడీలు, జంపర్ వైర్లు, సోల్డర్ లేకుండా పార్టులు గుచ్చే బ్రెడ్‌బోర్డులు ఈ వీధికి మించి హాయిగా ఎక్కడా కొనలేం. ఒకటో రెండో అడిగితే విసుక్కునేవాళ్లున్నారు. పదుల్లో తీసుకుంటే ధరా తగ్గుతుంది, మర్యాదా పెరుగుతుంది.

బోర్డు విషయంలో మాత్రం ఈ వీధికి పూర్తి మార్కులు వెయ్యలేం. ధర షాపుకీ షాపుకీ మారుతుంది, మెమరీ చిప్‌ల ధర పెరిగినప్పుడల్లా ఎగబాకుతుంది. రాస్‌బెర్రీ పై వెబ్‌సైట్‌లో మన దేశపు అధికారిక రీసెల్లర్ల జాబితా ఉంది, ముందు అక్కడి ధర చూసుకుని బయల్దేరండి. అట్టపెట్టె సీల్ చూడండి. బోర్డు ఆన్ చేశాక మెమరీ ఎంతో కమాండుతో సరిచూడండి, 2 జీబీ డబ్బు తీసుకుని 1 జీబీ చేతిలో పెట్టకుండా. జీఎస్టీ బిల్లు అడగండి, క్లబ్బు లెక్కలకీ వారంటీకీ అదే ఆధారం. అడాప్టర్ల దగ్గర మరీ జాగ్రత్త: పెట్టె మీద 3 ఆంపియర్లని ఉన్నంత మాత్రాన లోపల అంత ఉండాలని లేదు. ముందు చెప్పిన థ్రాటిల్ పరీక్షే దానిచేత నిజం చెప్పిస్తుంది.

ఎస్‌డీ కార్డు ఏ1 అనే వేగం గుర్తున్న 32 జీబీది చాలు, కానీ రెండు కొనండి. నకిలీ కార్డులు 32 అని చూపించి లోపల అంతకన్నా చాలా తక్కువ ఉంటాయి, నిండేదాకా బయటపడవు. లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాము కార్డునంతా రాసి, తిరిగి చదివి తేలుస్తుంది. రాస్‌బెర్రీ పై ఇమేజర్‌లో కార్డు రాసేటప్పుడే యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే దారి) పెట్టేయండి. పై (pi) అనే పాత డిఫాల్ట్ యూజర్‌ని 2022లోనే తీసేశారు, పాత పాఠాలు చూసి దానితో లాగిన్ అవ్వబోతే కుదరదు. అంతా సిద్ధమయ్యాక రెండో కార్డుకి నకలు తీసి జేబులో ఉంచుకోండి.

ప్రదర్శనకి ఎల్‌ఈడీ వెలిగించడాన్ని మించినది లేదు. చిన్నపిల్లల ఆట అని కొందరు పెదవి విరుస్తారు. కానీ ఐదు వరుసల పైథాన్‌తో తెర బయట ఒక వస్తువు కదిలిందనిపించేది అదే. 330 ఓముల రెసిస్టర్, అంటే నారింజ, నారింజ, గోధుమ చారలది. ఒక ఎర్ర ఎల్‌ఈడీ. ఒక వైపు ఆడ, ఒక వైపు మగ కొనలున్న జంపర్ వైర్లు రెండు. 11వ పిన్ను నుంచి, అంటే జీపీఐఓ 17 నుంచి, రెసిస్టర్ మీదుగా ఎల్‌ఈడీ పొడుగు కాలికి. పొట్టి కాలి నుంచి 9వ పిన్ను గ్రౌండ్‌కి. నాలుగు మిల్లీఆంపియర్ల దాకా పారుతుంది, పిన్నుకి ఏ ప్రమాదమూ లేదు. జీపీఐఓ జీరో లైబ్రరీ డెస్క్‌టాప్ ఇమేజ్‌లో ముందే ఉంటుంది, డెస్క్‌టాప్ లేని లైట్ (Lite) ఇమేజ్‌లో మనం పెట్టుకోవాలి. వెలగకపోతే మొదట ఎల్‌ఈడీ తిప్పి పెట్టండి. తర్వాత ప్రోగ్రాములో 17 బదులు 11 రాశారేమో చూడండి. ఆ లైబ్రరీ లెక్కపెట్టేది జీపీఐఓ సంఖ్యని, పిన్ను వరుసని కాదు. పొడుగాటి బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి కరెంటు పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, ఎర్ర గీత ఆగిపోయిన చోట చూస్తే తెలుస్తుంది.

పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులే, ఇది పెద్ద అక్షరాలతో స్లైడ్ మీద ఉండాలి. 2, 4 పిన్నుల్లోని 5 వోల్టులు పొరపాటున జీపీఐఓకి తగిలితే ప్రాసెసరే పోవచ్చు. రిచీ స్ట్రీట్‌లో ప్రతి ఒక్కరూ అంటగట్టే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 దూరం కొలిచే సెన్సార్ ఎకో పిన్ను కూడా 5 వోల్టులే ఇస్తుంది. మధ్యలో 1 కిలోఓము రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 2 కిలోఓముల రెసిస్టర్ పెట్టి 3.3కి దించాకే తగిలించాలి.

రెండో ప్రదర్శన, ప్రేక్షకుల ఫోన్లలో బోర్డు నుంచి ఒక వెబ్ పేజీ తెరిపించడం. పైథాన్‌లోని హెచ్‌టీటీపీ సర్వర్ ఒక్క వరుసతో మొదలవుతుంది, 8000 పోర్టులో. దీన్ని కాలేజీ వైఫై మీద నమ్ముకోవద్దు: లాగిన్ పేజీ అడుగుతుంది, ఒక ఫోన్ ఇంకో పరికరాన్ని చూడకుండా అడ్డుపడుతుంది. ఇంట్లో మూలన పడేసిన పాత రౌటర్ తెచ్చుకోండి, ఇంటర్నెట్ అక్కర్లేదు. చివర .local ఉండే పేరుతో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బోర్డుని కనుక్కోలేవు కాబట్టి ఐపీ అడ్రసు క్యూఆర్ కోడ్‌గా చేసి తెర మీద పెట్టండి.

వేసవిలో ఏసీ లేని హాలైతే హీట్‌సింక్ ముక్కలు అతికించండి. చిప్ 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించుకుంటుంది. పూర్తిగా మూసే లోహపు కేసు వద్దు, బోర్డూ కనబడదు, వైఫైకీ అడ్డం.

మాటల విషయంలో ఒక్కటే సూచన: చరిత్రని 2012 ఫిబ్రవరి 29న పై విడుదలైన రోజుతో మొదలుపెట్టకండి. మైక్రోప్రాసెసర్ ల్యాబులో 16 గుర్తుల కీప్యాడూ, ఏడు గీతల అంకెల తెరా ఉన్న 8085 ప్రాసెసర్ కిట్ చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థులు వాడిందే. అదీ సింగిల్ బోర్డ్ కంప్యూటరే. 6502 అనే ప్రాసెసర్‌తో చేసిన కిమ్-1 బోర్డు 1976లోనే వచ్చింది. ఆ కిట్ ఫొటో తెర మీద వేస్తే హాలంతా తనకి తెలిసిన విషయమే వింటున్నట్టు కుదుటపడుతుంది.

అర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకీ దీనికీ తేడా ఏమిటని తప్పకుండా అడుగుతారు. అర్డుయినోలో ఊనో ఆర్3 బోర్డు మెమరీ 2 కిలోబైట్లు, ఈ పై మెమరీ 2 గిగాబైట్లు: పది లక్షల రెట్లు పైచిలుకు. అక్కడ ఒకే ప్రోగ్రాము నేరుగా చిప్ మీద నడుస్తుంది, ఇక్కడ లినక్స్ ఉంటుంది. 264 కిలోబైట్ల మెమరీ ఉన్న రాస్‌బెర్రీ పై పైకో బోర్డు పేరులో పై ఉన్నా అర్డుయినో వైపే చేరుతుంది. చెన్నై కాబట్టి ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్ల గురించీ ఎవరో ఒకరు అడగొచ్చు. అవి రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ నమూనా ఆధారంగా చేసినవనీ, రాస్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్ అనే వేరే నమూనా అనీ చెప్పేంత సిద్ధపాటు చాలు.

క్లబ్బు బీరువాలో పాత పై 3బీ ప్లస్ ఇప్పటికే ఉంటే పై 4 కూడా కొనకండి. దానికి పూర్తి సైజు హెచ్‌డీఎంఐ ఉంది, ఆడియో సాకెట్ ఉంది, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంది, మైక్రో యూఎస్‌బీలో 2.5 ఆంపియర్లు ఇస్తే చాలు. 1 జీబీ మెమరీతో బ్రౌజర్ ఈసురోమంటుంది కానీ పైన చెప్పిన రెండు ప్రదర్శనలకీ బ్రౌజర్ తెరవాల్సింది ప్రేక్షకుల ఫోన్లలోనే.