స్ప్లెండర్ ఆయిల్ పుల్ల: ఏళ్ల తరబడి వాడాక నా మాట

స్ప్లెండర్ మైలేజీ గురించీ, రీసేల్ గురించీ కొత్తగా చెప్పేదేమీ లేదు. నాది 2017 మోడల్ స్ప్లెండర్ ప్లస్, కార్బరేటర్ బండి. విజయవాడలో పాయకాపురం నుంచి ఆటోనగర్‌కి రోజూ పోయి రావడం, అప్పుడప్పుడూ ఊరికి వెళ్లడం, ఇంతే దాని పని. నేను రాయాలనుకున్నది ఇంజన్‌కి కుడి పక్కన, కిక్ రాడ్‌కి దగ్గర్లో ఉండే ఆయిల్ మూత గురించి, ఆ మూతకే అతుక్కుని ఉండే డిప్‌స్టిక్ గురించి. మా షెడ్డులో దాన్ని పుల్ల అంటారు. ఈ బండిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

దాన్ని చూడటానికి పనిముట్లేమీ అక్కర్లేదు. బండిని రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపాలి. చదునైన చోట డబుల్ స్టాండ్ వేసి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగితే పైకెక్కిన ఆయిల్ కిందికి దిగుతుంది. అప్పుడు మూత విప్పి, పుల్లను గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టి తీసి చూడాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. స్ప్లెండర్‌లో మూతను మర తిప్పి బిగించకూడదు, ఊరికే అంచు మీద ఆనించి తీయాలి. బిగించి తీస్తే పుల్ల ఇంకాస్త కిందికి దిగి, ఉన్నదానికంటే ఎక్కువ ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. కార్లలో అలా కాదు, పుల్లను పూర్తిగా లోపలికి నెట్టి తీయాలి. సైడ్ స్టాండ్ మీద వంచి చూస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు. పుల్ల కొసన రెండు గీతలుంటాయి. ఆయిల్ తడి వాటి మధ్య ఉండాలి. కింది గీత దాటి పోతే వెంటనే పోయాలి, పై గీత దాటితే కొంచెం తీసేయాలి. ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదని అనుకునేవాళ్లున్నారు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపులోంచి, అంటే ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టంలోంచి, ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది, పికప్ మందగిస్తుంది.

ఎప్పుడు మార్చాలన్న దానిమీద ప్రతి షెడ్డులో ఒక లెక్క వినిపిస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఆరు వేల కిలోమీటర్లకు మార్చమనీ, మధ్యలో మూడు వేలకు టాప్-అప్ చేయమనీ ఉంది. మా మెకానిక్ అన్న మూడు వేలకే మార్చెయ్యమంటాడు. నేను ఆయన మాటే వింటున్నాను, ఎందుకంటే నా తిరుగుడంతా సిగ్నళ్లు, ఫస్ట్ గేరు, సెకండ్ గేరు. బెంజి సర్కిల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు మీటర్‌లో కిలోమీటర్లు పెరగవు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా ఈ ఇంజన్‌లో కార్లకు ఉన్నట్టు పేపర్ ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ, గుండ్రంగా తిరుగుతూ చెత్తను అంచులకు విసిరే రోటర్, అంతే. ఆయిలే కాస్త ముందు మార్చుకుంటే ఆ లోటు తీరుతుందని నా నమ్మకం. హైవే మీద ఒకే వేగంతో పోయేవాళ్లు పుస్తకంలో చెప్పినట్టే చేసుకోవచ్చు.

ఆయిల్ నల్లబడింది కదా అని మాత్రం మార్చకండి. మంచి ఆయిల్ నల్లబడాలి. లోపల ఉన్న మసిని పట్టి తనలో ఉంచుకోవడం దాని పనుల్లో ఒకటి. నేను పుల్ల మీది చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాను. గరుకుగా తగిలినా, వెలుతురులో లోహపు రవ్వల్లా మెరిసినా టెన్షన్ పడాలి. మార్చిన వెయ్యి కిలోమీటర్లకే లెవెల్ కింది గీతకు వచ్చేస్తుంటే, సైలెన్సర్‌లో నీలం పొగ కూడా కనిపిస్తుంటే, అప్పుడు అనుమానించాల్సింది పిస్టన్ రింగులనీ వాల్వ్ సీళ్లనీ.

ఇక అసలు సంగతి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అంతా మునిగినప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఉన్న బళ్లన్నీ నీళ్లలోనే ఉండిపోయాయి. నా స్ప్లెండర్ సీటు కూడా కనిపించలేదు. నీళ్లు ఒక్క పూటలో దిగిపోలేదు, రోజుల తరబడి నిలబడ్డాయి. దిగాక చూస్తే బండి నిండా బురద, టైరు చుట్టూ ప్లాస్టిక్ కవర్లు, చైనుకి తుప్పు. వీధంతా ఎవరి బండి వాళ్లు కడుక్కుంటున్నారు. రెండు వీధుల అవతల ఒకాయన కిక్ మీద కిక్ కొడుతున్న శబ్దం మా మెట్ల దాకా వినిపిస్తోంది.

మా బావమరిది అప్పటికే కాలు ఎత్తాడు. "బావా, ఓసారి కొట్టి చూద్దాం, స్టార్టయితే షెడ్డు దాకా తోసే పని తప్పుతుంది" అన్నాడు. "ఆగరా, ముందు పుల్ల తీద్దాం" అన్నాను.

మూత విప్పుతుంటేనే మర చుట్టూ చెమ్మ. పుల్ల బయటికి వచ్చాక మా ఇద్దరికీ మాట రాలేదు. పాలెక్కువైన టీలా ఉంది. కొస నుంచి మూత దాకా అదే, రెండు గీతలూ దాని కింద ఎక్కడున్నాయో కనబడలేదు. ఆయిల్ వాసన బదులు కాలవ వాసన. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచో, సైలెన్సర్ నుంచో, బ్రీదర్ నుంచో, మొత్తానికి నీళ్లు ఇంజన్ లోపలికి చేరాయన్నమాట. ఆ స్థితిలో కిక్ కొడితే రెండు ప్రమాదాలు. సిలిండర్‌లో పిస్టన్ మీద నీళ్లుంటే అవి గాలిలాగా అణగవు, ఆ దెబ్బ పిస్టన్‌ని కదిలించే కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగొచ్చు. ఒకవేళ స్టార్టయినా, బేరింగులకూ క్యామ్‌కూ అందేది ఆయిల్ కాదు, బురదనీళ్లు కలిసిన నురగ. అలా కొద్దిసేపు నడిచినా ఇంజన్ బోర్‌కి, అంటే అరిగిన సిలిండర్‌ని మళ్లీ తొలిపించే దాకా, రావొచ్చు.

తాళం కూడా పెట్టలేదు. బ్యాటరీ వైరు విప్పి, బండిని షెడ్డుకి తోసుకుంటూ పోయాం. అక్కడ క్యూ. రోడ్డుకి రెండు పక్కలా బురద బళ్లే. మా మెకానిక్ అన్న కూడా ముందు పుల్లే తీశాడు. చూసి, "కిక్ కొట్టలేదు కదన్నా?" అని అడిగాడు. లేదన్నాక ఆయన ముఖంలో కాస్త వెలుగొచ్చింది. అప్పటికే కొట్టి తెచ్చిన బళ్లు కొన్ని ఆయన పక్కనే ఇంజన్ విప్పి ఉన్నాయి.

17 నంబర్ పానాతో కింద డ్రైన్ నట్టు విప్పాడు. ముందు వచ్చింది ఆయిల్ కాదు, నీళ్లు. నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. అది పోయాక తెల్లటి నురగ మెల్లగా జారింది. తర్వాత స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టి, చేత్తోనే కిక్ రాడ్‌ని నెమ్మదిగా నొక్కాడు. గుడ్డ తడిసింది. ట్యాంకులో పెట్రోలు, కార్బరేటర్ గిన్నెలో నీళ్లు అన్నీ పారబోశాడు. ఎయిర్ ఫిల్టర్ ఎలిమెంట్ కొత్తది వేశాడు. కుడి పక్క కవర్ విప్పి రోటర్ తీస్తే దాని లోపలి అంచున మందంగా బురద పేరుకుని ఉంది. అది గీకి, జాలీ కడిగి, కవర్ మూశాడు. తర్వాత చవక ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, రేజ్ చేయకుండా కొద్ది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, మళ్లీ మొత్తం దించేశాడు. పుల్ల తీస్తే ఇంకా తెల్లగానే ఉంది. మళ్లీ పోశాడు, మళ్లీ దించాడు. పుల్ల మీద ఆయిల్ అచ్చంగా ఆయిల్ రంగులో కనిపించేదాకా ఆ పని ఆపలేదు. అప్పుడు 10డబ్ల్యూ-30 గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం గుర్తు) 900 ఎం.ఎల్. డబ్బా తెరిచి పోశాడు. కొద్ది రోజులు తిప్పాక మళ్లీ మార్పించాడు.

ఆ ఇంజన్ ఈ రోజుకీ అదే. బోర్ చేయించలేదు, రాడ్ మార్చలేదు. స్పీడోమీటర్, హెడ్‌లైట్ గిన్నె, వైరింగ్ కొంత పోయాయి, అది వేరే ఖర్చు. బండిని మొదట తాకినప్పుడే, ఏ మెషీనూ తగిలించకుండా లోపలి సంగతి చెప్పింది ఈ పుల్లే. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు వానాకాలం ముందు పిల్లలకు కూడా దీన్ని తీసి చూడటం నేర్పిస్తున్నాను.

ఇంత చెప్పాక ఒక్క మాట దిద్దుకోవాలి. పుల్ల లెవెల్ చెబుతుంది, నీళ్లు చేరితే చెబుతుంది. లోపల ఉన్నది ఏ రకం ఆయిలో మాత్రం చెప్పదు. వరదకు ముందు ఒకసారి మా మెకానిక్ అన్న ఊళ్లో లేడని వేరే చోట ఆయిల్ మార్పించాను. ఇంటికొచ్చి పుల్ల తీస్తే రెండు గీతల మధ్యే ఉంది, కొత్త ఆయిల్ రంగులో నిగనిగలాడుతోంది. ఆ వారంలోనే కొండపల్లి కోట ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే, వెనక మా ఆవిడ, ముందు బ్యాగు, ఇంజన్ మోత పెరుగుతోంది కానీ బండి లాగడం లేదు. గేరు దించినా అంతే. మలుపు దగ్గర ఆపితే క్లచ్ మాడిన వాసన. క్లచ్ కేబుల్‌కి ఉండాల్సిన లూజు (ఫ్రీ ప్లే) చూశాను, సరిగ్గానే ఉంది. మర్నాడు ఆ షాపుకెళ్లి మా బండిలో పోసిన ఖాళీ డబ్బా చూపించమంటే తెచ్చిచ్చారు. 800 ఎం.ఎల్. స్కూటర్ ఆయిల్, వెనక జాసో ఎంబీ అని రాసి ఉంది. జాసో అంటే బళ్ల ఆయిల్‌ని రకాలుగా విడదీసే జపాన్ ప్రమాణం.

స్కూటర్‌లో క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు, బెల్టు పక్కన పొడిగా ఉంటుంది. అందుకని ఎంబీ రకంలో రాపిడి తగ్గించే గుణం ఎక్కువ. స్ప్లెండర్‌లో ఇంజన్‌కీ, గేర్‌బాక్సుకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే ఆ రాపిడి ఉండాలి. అందుకే గేర్ల బండికి జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే పోయాలి. కారు ఆయిల్ మిగిలిందని పోసేవాళ్లకూ ఇదే ఇబ్బంది ఎదురుకావచ్చు. ఆ ఆయిల్ దించేసి సరైనది పోస్తే చాలావరకు సర్దుకుంది, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం జారుడు మిగిలింది. చివరికి క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. ఆ డబ్బులు ఎవరూ తిరిగివ్వలేదు. ఆ రోజు పుల్ల మీద నాకు కోపం రాలేదు, దాన్ని అడగకూడనిది అడిగాననిపించింది.

అప్పటి నుంచి డబ్బా నేనే కొని తీసుకెళ్తున్నాను. సీలు నా ముందే విప్పాలి, పోశాక ఖాళీ డబ్బా నా చేతికివ్వాలి. దాన్ని కత్తితో కోసి పడేస్తాను, మళ్లీ ఎవరూ ఏదో నింపి అమ్మకుండా. డ్రైన్ నట్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయిస్తాను. నట్టును బలంకొద్దీ బిగించొద్దని కూడా చెబుతాను. కింద ఉన్నది అల్యూమినియం, మర ఒకసారి పోతే ఆయిల్ మార్పు ఖర్చుతో తేలదు. వేస్టాయిల్ షెడ్డు డ్రమ్ములోనే పోయాలి, మురికి కాలవలో కాదు. అది చివరికి చేరేది మళ్లీ మన నీళ్లలోకే.

మా బావమరిది పల్సర్‌కి పుల్ల బదులు ఇంజన్ పక్కన చిన్న అద్దం ఉంది. మూత విప్పనక్కర్లేదు, వంగి చూస్తే చాలు, అది సుఖమే. కానీ వరద తర్వాత ఆ అద్దం మీద బురద ఎండిపోయి, తుడిచినా లోపలి రంగు సరిగా తెలియలేదు. పుల్ల అయితే చుక్కను బయటికి తెచ్చి చేతిలో పెడుతుంది, వాసన చూడొచ్చు, వేళ్ల మధ్య రుద్దొచ్చు. నాకు అందుకే పుల్లే ఇష్టం. రోజూ హడావుడిలో బయల్దేరేవాళ్లకు అద్దమే నయం కావచ్చు.

మొత్తానికి ఈ బండి కొనమంటానా అంటే, నాలాగా ఊళ్లో తిరిగేవాళ్లు, వారానికోసారి ఐదు నిమిషాలు బండి పక్కన కూర్చునే ఓపిక ఉన్నవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. వారంటీలో ఉన్న కొత్త బండి అయితే ఆయిల్ మార్పు కంపెనీ సర్వీసులోనే చేయించుకోండి, పుల్ల చూసుకోవడం మాత్రం ఇంట్లోనే చేసుకోండి. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక, కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బళ్లకు పెట్రోలును ఇంజన్‌కి నెట్టే పంపు, సెన్సార్లు తోడయ్యాయి. అవి మునిగితే నా కార్బరేటర్ బండికి అయిన ఖర్చుతో పోల్చుకోవద్దు.