ఇంటి నీటి పరీక్ష కిట్: బోరుకు బాగుంది, పటాన్‌చెరు వైపు చాలదు

హైదరాబాద్‌లో నీళ్ల మంచిచెడ్డలు చాలా ఇళ్లలో టీడీఎస్ మీటరే తేల్చేస్తుంది. అది చెప్పేది కరిగిన లవణాల లెక్క ఒక్కటే. 300 చూపించే నీళ్లలో మురుగు కలిసి ఉండొచ్చు, 900 చూపించేవి ఉత్త ఉప్పునీళ్లు కావచ్చు. పీహెచ్, హార్డ్‌నెస్, ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్, బ్యాక్టీరియా చూసే ఫీల్డ్ కిట్ అంతకంటే చాలా మేలు. అయిదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

ఆ మార్కుల్లో ఎక్కువ వాటా నైట్రేట్ పరీక్షదే. బోరు పక్కనే సెప్టిక్ ట్యాంకు ఉంటే మలమూత్రాల్లోని నత్రజని నేలలో నైట్రేట్‌గా మారి గ్రానైట్ పగుళ్ల గుండా కిందికి దిగుతుంది. మోటారు వేసి అయిదు నిమిషాలు వదిలాక నీళ్లు పట్టాలి. గొట్టంలో గీత దాకా పోసి, పొడి వేసి ఊపి, చీటీలో రాసినంతసేపు ఆగితే గులాబీ రంగు వస్తుంది. దాన్ని పగటి వెలుతురులోనే కార్డుతో పోల్చాలి, ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది. అసలు చిక్కు కార్డు మీది అంకెతో. కొన్ని కిట్లు నైట్రేట్‌గా, కొన్ని నైట్రోజన్‌గా రాస్తాయి, అదీ చిన్న అక్షరాల్లో. నైట్రోజన్‌గా 10 అంటే నైట్రేట్‌గా దాదాపు 45 మిల్లీగ్రాములు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు నైట్రేట్ హద్దూ ఆ 45 మిల్లీగ్రాములే. ఇది తెలియక 10 చూసి హమ్మయ్య అనుకునేవాళ్లే ఎక్కువ. హద్దు దాటిన నీళ్లతో కలిపిన డబ్బాపాలు తాగే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేదు. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మాత్రం పక్కింటి మురుగును తిట్టొద్దు, మన దగ్గర అది ఎక్కువగా రాతిలోంచే వస్తుంది.

మురుగు బ్యాక్టీరియా ఉంటే కిట్‌లోని సీసాలో పోసిన నీళ్లు నలుపెక్కుతాయి. అందుకు ఒకటి రెండు రోజులు, 30 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి. డిసెంబరులో ఫ్రిజ్ పైన పెట్టండి. కుళ్లిన గుడ్డు వాసన వేసే బోరు నీళ్లు పోసీ పోయగానే నలుపెక్కుతాయి, అది పరీక్ష కింద లెక్క కాదు. జలమండలి నీళ్లను సంపులో పడే చోట ఒకసారి, సంపులోంచి ఒకసారి పట్టి చూడాలి. పడే చోటే క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉండి సీసా నల్లబడితే లైన్ మీద అనుమానం. సరఫరా ఆగిన గంటల్లో పగిలిన పైపు పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. సంపు నీళ్లే నల్లబడితే సంపు కడిగించాలి. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఉంచాకే పారబోయాలి.

సీసం, ద్రావకాలు, మందుల అవశేషాలు ఈ పెట్టెకు కనబడవు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో పరిశోధకులు ప్రచురించారు. అలాంటిది పట్టే స్ట్రిప్ ఇందులో లేదు. అటువైపు, జీడిమెట్ల, కాజీపల్లి దగ్గర బోరు వాడేవాళ్లు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్లి లోహాల పరీక్ష విడిగా అడగాలి. దానికి వాళ్లిచ్చే సీసాలో ముందే ఆమ్లం చుక్కలు వేసి ఉండొచ్చు, కడగకుండా నేరుగా నింపండి.